పగలు ఊపిరి బిగపడుతుంది... రాత్రి నవ్వుతూ లేస్తుంది!

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. ఏడాదిన్నర దాకా బాగానే ఉంది. తర్వాత వచ్చిన రెండు మూడు మాటలూ పోయాయి. ఎప్పుడూ చేతులు నలుపుకుంటూ ఉంటుంది. నాలుగో ఏట జన్యు పరీక్ష చేసి రెట్ సిండ్రోమ్ అన్నారు. ఏడాదిగా పగటిపూట గబగబా ఊపిరి తీసి, ఉన్నట్టుండి బిగపట్టేస్తోంది. పెదాలు నీలంగా అవుతాయి. సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోతుంది. రాత్రి రెండింటికి లేచి గంటసేపు నవ్వుతుంది, ఒక్కోసారి కేకలు పెడుతుంది. మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. ఇక్కడి డాక్టర్ పొట్టకు డోంపెరిడోన్, నిద్రకు ఒక సిరప్ రాశారు. నిద్రలో ఊపిరి ఆగుతుందేమోనని పాప ఛాతీ మీద చెయ్యి వేసుకుని రాత్రంతా కూర్చుంటున్నాను. ఏం చేయాలి?
- ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, రెట్ పిల్లల్లో చాలామందికి మెలకువగా ఉన్నప్పుడే ఊపిరి లయ తప్పుతుంది. నిద్రపోయాక చాలావరకు కుదురుకుంటుంది. అందుకే ఈ రాత్రి నుంచి మీరూ కాసేపు నడుము వాల్చండి. పాప గురక పెడుతుంటే మాత్రం సంగతి వేరు, దాని గురించి కింద చెబుతాను.

ఈ జబ్బు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఎంఈసీపీ2 అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. ఆ సంగతి తెలిసింది 1999లో. దాదాపు అందరి విషయంలోనూ ఇది కొత్తగా ఏర్పడిన మార్పే. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదానికీ చేసినదానికీ దీనితో సంబంధం లేదు. మనం తలచుకోకుండానే ఊపిరి నడిపించే భాగం మెదడు అడుగున ఉంటుంది. మీ పాపలో దాని తాళం కుదరడం లేదు. గబగబా ఊపిరి తీసినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గుతుంది. 'ఊపిరి తీసుకో' అని మెదడును తట్టి లేపేది ముఖ్యంగా ఆ వాయువే. అది తగ్గాక ఊపిరి కాసేపు ఆగుతుంది, మళ్లీ పెరిగాక తనంతట తానే మొదలవుతుంది. ఆ సమయంలో పాపను కుదపకండి, ముఖాన నీళ్లు కొట్టకండి. కూర్చోబెట్టి, వెన్ను నిమురుతూ మెల్లగా మాట్లాడండి. ఆందోళన, ఉత్సాహం, నొప్పి ఏవి వచ్చినా ఇది ఎక్కువవుతుంది. ఎప్పుడైనా స్పృహ తప్పి వాలిపోయినా, ఊపిరి మళ్లీ మొదలుకాకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పొట్ట ఉబ్బరం కూడా చాలావరకు ఇందులో భాగమే. ఊపిరి బిగపట్టినప్పుడు పాప గాలి మింగేస్తుంది. తెల్లారేసరికి పొట్ట తగ్గుతోందేమో గమనించండి. తగ్గకుండా గట్టిగా ఉన్నా, వాంతులైనా డాక్టర్‌కు చూపించాలి.

ఇప్పుడు మీరు రాసిన మందుల దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. రెట్ ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి ఈసీజీలో 'క్యూటీ' అనే వ్యవధి, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం, మామూలు కంటే సాగి ఉంటుంది. అలాంటి పిల్లలకు కొన్ని మందులు గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీస్తాయి. డోంపెరిడోన్, వాంతులకు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, దగ్గు జ్వరాలకు తరచూ రాసే అజిత్రోమైసిన్ ఆ జాబితాలోవే. రాసిన డాక్టర్‌కు ఈ మాట చెప్పి, ఈసీజీ చూసేదాకా డోంపెరిడోన్ ఆపించండి. నిద్ర సిరప్ పేరు మీరు రాయలేదు. మత్తు మందులు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి కాబట్టి, పిల్లల న్యూరాలజిస్ట్ చూడకుండా అదీ వేయకండి.

రాత్రి నవ్వడం, కేకలు పెట్టడం రెట్ పిల్లల్లో మేం తరచూ చూసేవే. గాలి సోకడం కాదని అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. ఆవిడకూ మనవరాలి మీద బెంగే కదా. నవ్వితే లైటు వేయకుండా, ఆటలు మొదలుపెట్టకుండా పక్కనే పడుకోండి. కేకలైతే కారణం వెతకాలి. నోరు లేని పిల్ల నొప్పిని మరెలా చెబుతుంది? మలబద్ధకం, ఛాతీలోకి పులుపు ఎగదన్నడం, పుచ్చు పన్ను, ఒకే వైపు పడుకోవడం వల్ల తుంటి నొప్పి... వీటిలో ఒకదాన్ని సరిచేస్తేనే నిద్రపట్టిన పిల్లలను చూశాను. రక్తంలో ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూపించండి, ఐరన్ తగ్గితే కాళ్లు నిలకడగా ఉండక నిద్ర చెడుతుంది. పొద్దున ఎండలో కాసేపు కూర్చోబెట్టండి, సాయంత్రం కునుకు తీయనివ్వకండి. ఇవన్నీ అయ్యాక కూడా నిద్ర కుదరకపోతే నిద్ర హార్మోన్ అయిన మెలటోనిన్ గురించి న్యూరాలజిస్ట్‌తో మాట్లాడవచ్చు.

గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, నోరు తెరిచి పడుకోవడం ఉంటే గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ వాచి అడ్డుపడుతున్నాయేమో ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి, స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని, ఆక్సిజన్‌ను రాత్రంతా గమనించే పరీక్ష) చేయించాలి. జన్యు జబ్బు ఉన్నంత మాత్రాన అన్నీ దాని ఖాతాలో వేయకూడదు. ఈ అడ్డంకికి మామూలు పిల్లలకు ఉన్న చికిత్సే మీ పాపకూ ఉంది. నిద్రలో పెదాలు నీలంగా మారితే మాత్రం రోజులు ఆగకండి.

సగానికి పైగా రెట్ పిల్లలకు ఫిట్స్ కూడా వస్తాయి. ఊపిరి బిగపట్టడాన్ని ఫిట్స్ అనుకోవడం, ఫిట్స్‌ను ఊపిరి సమస్య అనుకోవడం రెండూ జరుగుతాయి. అందుకే ఈసారి అలా జరిగినప్పుడు ఇంట్లో ఇంకొకరిని ఫోన్‌లో వీడియో తీయమనండి, ముఖం, ఛాతీ, చేతులు కనిపించేలా. అవసరమైతే వీడియో ఈఈజీ (పాపను వీడియో తీస్తూనే మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష) చేసి తేలుస్తారు.

ముందు ఈ వారంలోనే ఈసీజీ తీయించండి. జగిత్యాలలోనే అవుతుంది. ఆ తర్వాత ఏటా ఒకసారి తీయించాలి. ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంచుకుని, జలుబుకు వెళ్లినా సరే, మందు రాసేముందే డాక్టర్‌కు చూపించండి.