ఆక్సిజన్ 98 ఉన్నా నర్సు ఊపిరి ఎందుకు లెక్కపెడుతుంది?

ఆపరేషన్ అయ్యాక వేలి మీటర్‌లో 98 చూపిస్తున్నా నర్సు ఊపిరి లెక్కపెడుతోంది, ఎందుకని అడిగారు. ఆ మీటర్ చెప్పేది ఆక్సిజన్ సంగతే. నొప్పికి ఇచ్చే మార్ఫిన్, ఫెంటానిల్ వల్ల ఊపిరి నెమ్మదించి, కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకోవచ్చు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంటే అంకె మాత్రం చాలాసేపు బాగానే కనిపిస్తుంది.

అందుకే నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం పాటు లెక్కేస్తారు. చెప్పి లెక్కపెడితే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 8కి పడిపోయినా, పిలిస్తే కళ్లు తెరిచి మాట మధ్యలోనే మళ్లీ నిద్రలోకి జారుకున్నా వెంటనే డాక్టర్‌ని పిలుస్తారు. ఆ నొప్పి మందులకు విరుగుడుగా నాలోక్సోన్ అనే మందు ఉంది. 'హాయిగా పడుకున్నాడు, లేపకండమ్మా' అని నర్సును ఆపేది మాత్రం మనవాళ్లే!