చివరి రోజు దిగడమే కదా అనుకుంటున్నారా?

ఈసారి టెంటూ సామానూ వీపున మోసుకుంటూ రోజుల తరబడి కొండల్లో నడిచేవాళ్ల ప్రశ్నలు తీసుకున్నా, అన్నీ చివరి రోజు గురించే.

ప్రశ్న: మాది అయిదు రోజుల ట్రెక్. చివరి రోజు 14 కిలోమీటర్లు, దాదాపు అంతా దిగుడే, ఎత్తు 1200 మీటర్లు తగ్గుతుంది. ఆ రోజు లేటుగా లేచి నింపాదిగా బయల్దేరదాం అంటున్నారు మావాళ్లు. ఎంత టైం పడుతుంది?

జవాబు: లేటుగా మాత్రం వద్దండి. ముందు లెక్క చూద్దాం. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది, గంటకి సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాం, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలుపుకోవాలి అని. దిగుడు గురించి ఆయన ఏం చెప్పలేదు. తర్వాత లాంగ్‌మ్యూర్ అనే ఆయన దానికో సవరణ చేర్చాడు, వాలు మెల్లగా ఉంటే ప్రతి 300 మీటర్లకి 10 నిమిషాలు తీసెయ్యాలి, నిటారుగా ఉంటే 10 నిమిషాలు కలపాలి. అంటే నిటారు దిగుడు మనకి టైం మిగల్చదు, తినేస్తుంది. మీ 14 కిలోమీటర్లకి 2 గంటల 48 నిమిషాలు, నిటారు దిగుడే అనుకుంటే ఇంకో 40 నిమిషాలు, దగ్గర దగ్గర మూడున్నర గంటలు వచ్చింది కదా, ఇది ఆగకుండా నడిచే మనిషి లెక్క. మీరు నాలుగు రోజులు నడిచి అలిసిపోయి ఉంటారు, వీపున బ్యాగుంటుంది, మధ్యలో తినాలి, నీళ్లు పట్టుకోవాలి, ఒకళ్లకి బొబ్బలుంటాయి, కాబట్టి ఐదున్నర ఆరు గంటలు పెట్టుకోండి.

తెల్లారగానే బయల్దేరమనడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. మంచు కరిగి పారే వాగులు పొద్దున తక్కువగా ఉండి, ఎండెక్కే కొద్దీ పెరిగి సాయంత్రానికి ఉధృతంగా ఉంటాయి, పొద్దున మోకాలి లోతులో దాటేసే వాగు మధ్యాహ్నానికి దాటలేనట్టు అయిపోవచ్చు. రెండోది ఉరుములు. కొండల్లో ఎండాకాలం మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కమ్ముకుంటాయి, ఆ టైంకి మీరు శిఖరాల గట్టు మీద ఉండకూడదు. ఉరుము వినబడితే గట్టు దిగిపోండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి అప్పుడు కదలండి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇంకోటుంది. చివరి రోజు కాళ్లు కొండ మీదే ఉంటాయి కానీ మనసు ముందే కిందికి చేరిపోతుంది, వేడి నీళ్ల స్నానం, ఫోన్ సిగ్నల్, ఇంటి బస్సు, ఇవే తిరుగుతుంటాయి బుర్రలో. అందుకే జారతారు. ఆల్ప్స్‌లో జరిగిన పరిశీలనల్లో కూడా నడిచేవాళ్లు పడిపోయిన ఘటనల్లో ఎక్కువ భాగం దిగేటప్పుడే తేలాయి. గంటకోసారి బ్యాగులు దించి ఐదు నిమిషాలు కూర్చోండి, ఆకలేసినా వెయ్యకపోయినా ఏదో ఒకటి నోట్లో వేసుకోండి, ఇంకో గంటే కదా అని మాత్రం లాగించకండి.

ప్రశ్న: దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి, ప్రతిసారీ బొటనవేలి గోరు నల్లబడుతోంది. ఏం చెయ్యాలి?

జవాబు: దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువుని ఆపుతుంది, ఆ పని దానికి చాలా కష్టం, అది అలిసిపోయాక దెబ్బంతా మోకాలి మీద పడుతుంది. అడుగులు చిన్నవి చెయ్యండి, మోకాలు కొంచెం వంచే ఉంచండి, కాలు నిటారుగా చాపి మడమ గట్టిగా వెయ్యకండి. పోల్స్, అంటే చేత్తో పట్టుకుని నడిచే కర్రలు ఉంటే దిగుడుకి ఓ 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచి, కాలి కన్నా ముందు పోల్ ఆనించండి.

గోరు నల్లబడేది పాదం బూటులో ముందుకి జారి వేళ్లు కొనకి గుద్దుకోవడం వల్ల. ట్రెక్‌కి రెండు మూడు రోజుల ముందే గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. చివరి రోజు పొద్దున బూటు వేసుకుని మడమని నేలకి తాటించి వెనక్కి నెట్టి, పాదం పైన లేసు బిగించండి. బూటు పైభాగంలో ఆఖరి రెండు రంధ్రాలుంటాయి కదా, ఆ రెంటి మధ్య లేసుని అదే వైపు చిన్న ఉంగరంలా వదిలి, అవతలి వైపు లేసు కొనని ఆ ఉంగరంలోంచి దూర్చి, రెండువైపులా అలా చేశాక కిందికి లాగి ముడెయ్యండి. మడమ పైకి లేవదు. నడిచేటప్పుడు వేళ్లు ఇంకా కొనకి తగులుతుంటే ఆగి మళ్లీ బిగించండి, బద్ధకించొద్దు. మోకాలు వాచినా, బరువు మోపలేకపోయినా మాత్రం డాక్టర్‌కి చూపించాల్సిందే.

ప్రశ్న: ఆఖరి రోజు మా గ్రూపులో అందరూ పరుగులు పెడతారు, ఒక ఫ్రెండ్ ఎప్పుడూ వెనకబడిపోతుంది. తనని తొందరపెట్టడం బాగుండదు, వదిలి వెళ్లలేం.

జవాబు: తనని ముందు నడిపించండి. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుంటే గ్రూపు ముక్కలవ్వదు. ఇష్టం లేకపోతే రెండో స్థానంలో ఉంచండి, అనుభవం ఉన్నవాళ్లు ఒకరు చివర్న ఉండాలి. దారి చీలే ప్రతిచోటా, ప్రతి వాగు దగ్గరా అందరూ కలిసేదాకా ఆగాలని పొద్దున్నే మాటనుకోండి. ఇంకొకటి, చాలామంది గమనించరు, ముందెళ్లినవాళ్లు పావుగంట కూర్చుని, వెనక మనిషి రొప్పుతూ రాగానే పదండి అని లేచిపోతారు, అంటే అసలు రెస్ట్ కావాల్సిన మనిషికే రెస్ట్ దొరకదు. తను వచ్చి బ్యాగు దించి నీళ్లు తాగి ఊపిరి తీసుకున్నాకే లేవండి. టెంటులాంటి బరువు ఒకటి వేరేవాళ్లు తీసుకోండి, తను అడిగేదాకా ఆగక్కర్లేదు.

ప్రశ్న: మిగిలిన తిండి, చెత్త అక్కడే పాతేస్తే తప్పా?

జవాబు: తప్పే. జంతువులు తవ్వి తీస్తాయి, మనుషుల తిండికి అలవాటు పడతాయి. పండ్ల తొక్కలు, ఖాళీ గ్యాస్ క్యానిస్టర్‌తో సహా అన్నీ కిందికి మోయాలి.

ప్రశ్న: కిందికి చేరాక మొదట ఏం చెయ్యాలి?

జవాబు: మీరు ఎప్పటికి వస్తారో ఎవరికి చెప్పి వెళ్లారో వాళ్లకి ఫోన్ చెయ్యండి, ఫోటోలు పంపడం తర్వాత. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఆ ఒక్క కాల్‌కి సరిపడా చార్జింగ్ ముందునుంచే దాచుకోండి. తర్వాత బూట్లు విప్పి పాదాలు చూసుకోండి, పురుగులుండే అడవిలోంచి వస్తే మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో కూడా చూసుకోండి, పిడుదు అంటుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా పైకి లాగాలి. ఒళ్లు నొప్పులు ఆ రోజు కన్నా ఒకటి నుంచి మూడు రోజుల్లోపు ఎక్కువుంటాయి, కంగారు పడకండి, కొంచెం కొంచెం నడుస్తుండండి. నిద్ర సరిపోనివాళ్లు ఆ రాత్రే బండి నడపొద్దు, ఎక్కడైనా పడుకుని పొద్దున బయల్దేరండి. ఇంటికెళ్లాక టెంటు పూర్తిగా ఆరబెట్టండి, లేకపోతే బూజు పడుతుంది. స్లీపింగ్ బ్యాగుని నొక్కి కుక్కి ఉంచకుండా పెద్ద సంచిలో వదులుగా పెట్టండి, వెచ్చదనం పాడవకుండా ఉంటుంది.