అత్తమామలతో బెజవాడ

ప్రశ్న: మేలో అత్తమామలతో విజయవాడ వస్తున్నాం. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి. ఎక్కడ దిగాలి, ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: గవర్నర్‌పేటలో దిగండమ్మా. బీసెంట్ రోడ్డు పక్కనే కాబట్టి మీ షాపింగూ అయిపోతుంది. రోడ్డు వైపు గది మాత్రం వద్దనండి. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో హారన్ల మోతకి నాకు రాత్రంతా నిద్రే లేదు! లిఫ్టు పనిచేస్తోందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.

అమ్మవారి దర్శనం తెల్లవారుజామునే చేసుకోండి, మే ఎండల్లో బెజవాడతో పరాచికాలొద్దు. అటునుంచి 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వెళ్లండి. కొండను నాలుగంతస్తులుగా తొలిచిన గుహలు, లోపల శయనించిన అనంతపద్మనాభస్వామి. ఆ విగ్రహం కోసం మెట్లెక్కాలి. మామయ్యగారు కింది అంతస్తు చూసి ఆగితే చాలు. భవానీ ద్వీపం పిల్లలుంటేనే.