రైఫిల్ బ్యారెల్ శుభ్రత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాది పాయింట్ టూ టూ బోల్ట్ యాక్షన్ రైఫిల్. 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధన చేస్తాను, వారానికి 200 తూటాల దాకా కాలుస్తాను. ఈమధ్య పది షాట్లలో ఒకటో రెండో ఏ తప్పూ లేకుండానే పది పాయింట్ల నడి వలయం తప్పి తొమ్మిదిలోకి జారిపోతున్నాయి. రేంజ్‌లో ఒకరు రోజూ బ్రష్ కొట్టమంటారు, ఇంకొకరు బ్యారెల్‌ని అసలు ముట్టుకోవద్దంటారు. ఏం చేయాలి?
— ఓ షూటర్, హైదరాబాద్

జవాబు: గొట్టం మొత్తాన్ని రోజూ తోమే పని లేదు. కానీ చాంబర్ (తూటా కూర్చునే చోటు) ముందున్న అంగుళం మేర మాత్రం వదిలేయకూడదు. మీ తొమ్మిదుల కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

పాయింట్ టూ టూ తూటా తల ఒట్టి సీసం, దాని మీద మైనం లాంటి జిడ్డు పూత. ఆ జిడ్డు గొట్టం పొడవునా పల్చగా పరుచుకున్నప్పుడే గ్రూప్, అంటే షాట్ల గుంపు, దగ్గరగా వస్తుంది. పూర్తిగా కడిగేసిన బ్యారెల్ మొదటి పది, పదిహేను షాట్లు చెదరగొట్టడానికి కారణం ఆ పొర లేకపోవడమే. పూత రకం వేరుగా ఉన్న తూటాలకు మారినా అంతే, ఆ పది పదిహేను షాట్లూ లెక్కలోకి తీసుకోవద్దు.

చాంబర్ ముందు సంగతి వేరు. ఈ తూటాల ప్రైమర్ మందులో (దెబ్బకు మొదట అంటుకునే మందు) సన్నటి గాజు పొడి కలుపుతారు. మసి, సీసం, కాలిన మైనం ఈ పొడితో కలిసి, వేడికి మాడి, రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గాళ్లు) మొదలయ్యే చోట గట్టి ఉంగరంలా పట్టేస్తాయి. మూకుడు అడుగున మాడిన నూనె పెచ్చులాంటిదే, మామూలు గుడ్డకు రాదు. తూటా ఆ ఉంగరాన్ని ఒరుసుకుంటూ పోతుంది కనుక ఒక్కో షాట్ ఒక్కోలా వెళ్తుంది. పొడిగుడ్డ తోసి చూడండి. చాంబర్ దాటగానే బిగుసుకుని ఆ తర్వాత వదులైతే ఉంగరం ఉన్నట్టే.

ముందు రైఫిల్ ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకుని బోల్ట్ తీసేయండి. మూతి కాస్త కిందికి వంగేలా స్టాండులో పెట్టండి. లేకపోతే సాల్వెంట్ వెనక్కి కారి ట్రిగ్గర్‌లోకీ చెక్కలోకీ దిగుతుంది. బోల్ట్ స్థానంలో బోర్ గైడ్ (రాడ్డును గొట్టం మధ్యగా నడిపించే నాళం) పెట్టి, దానిలోంచి ఒకే ముక్కగా ఉన్న, పైన పూత వేసిన రాడ్డు దించండి. మూడు ముక్కలు బిగించే అల్యూమినియం రాడ్డు వాడకండి. అది వంగి గోడలకు రాసుకుంటుంది, దాని అతుకుల అంచులు గీరుతాయి.

కార్బన్ సాల్వెంట్‌తో తడిపిన గుడ్డ ఒకటి తోసి పది నిమిషాలు ఆగండి. తర్వాత కంచు బ్రష్‌ను తడిపి, ఉంగరం ఉన్నచోటు దాటించి, ఐదారుసార్లు మూతిదాకా తోయండి. బ్రష్‌ను మధ్యలో వెనక్కి తిప్పొద్దు, రోమాలు ఎదురు తిరిగి ఇరుక్కుపోతుంది. మూతి బయటికి వచ్చాక బ్రష్ విప్పేసి రాడ్డును వట్టిగా వెనక్కి లాగండి. బ్రష్‌ను వెనక్కి ఈడిస్తే మూతి అంచు, అంటే క్రౌన్, అరుగుతుంది. తూటా గొట్టాన్ని ఆఖరిగా తాకేది అక్కడే. అంచు ఒక పక్క అరిగితే వెనక నుంచి తోసే వాయువు ఆ పక్కనుంచి ముందుగా తప్పించుకుని తూటాని పక్కకు నెడుతుంది. స్టీలు బ్రష్ జోలికి మాత్రం ఎప్పుడూ పోవద్దు.

ఆ తర్వాత గుడ్డ తెల్లగా వచ్చేదాకా పొడిగుడ్డలు తోయండి. మీ వాడకానికి రెండు మూడు వారాలకోసారి ఇది సరిపోతుంది. రోజూ సాధన అయ్యాక రెండు పొడిగుడ్డలు చాలు. రాగి కరిగించే అమ్మోనియా సాల్వెంట్ మీకు అక్కర్లేదు, మీ తూటాకి రాగి తొడుగే లేదు. పైగా అది రాడ్డు చివర గుడ్డ పట్టే ఇత్తడి జాగ్‌ను కరిగించి గుడ్డని నీలం చేస్తుంది, లోపల రాగి ఉందేమోనన్న అనుమానం పుట్టిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని బ్యారెల్ లోపల స్ప్రే ఆయిల్ కొట్టొచ్చా?
— ఓ తండ్రి, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. సిలిండర్‌లో గాలి పీడనం 200 బార్ దాకా ఉంటుంది. నూనె లోపలికి దిగితే రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, అధిక పీడనంలో నూనె ఆవిరి అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇందులో మందు లేదు కనుక మసీ ఉండదు, ఉండేదల్లా సీసం పొడే. 4.5 మి.మీ. ఫెల్ట్ పెల్లెట్లు రెండు కలిపి పెట్టి, లక్ష్యం వైపే తుపాకీ ఉంచి కాల్చండి. తెల్లగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేస్తే చాలు. స్ప్రింగ్ రకం తుపాకీలో మాత్రం ఫెల్ట్ కాల్చకండి. దానికి ఎదురు ఒత్తిడి చాలక పిస్టన్ గట్టిగా కొట్టుకుంటుంది. అందులో ఫెల్ట్‌ను రాడ్డుతో తోయాలి.

తుప్పు బయటనుంచే మొదలవుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది కనుక సాధన అయిన వెంటనే లోహభాగాలు తుడిచి, నూనె గుడ్డ ఒకసారి ఆడించండి. ఏసీ హాలులోంచి ఉక్కలోకి వచ్చాక పెట్టె వెంటనే తెరవకండి, చల్లటి లోహం మీద మంచులా చెమ్మ పడుతుంది. గంట ఆగండి. ఇంట్లో స్పాంజి పెట్టెలో దాచొద్దు, స్పాంజి తేమ పట్టి ఉంచుతుంది. తాళం వేసిన బీరువాలో సిలికా జెల్‌తో నిలబెట్టండి.

ప్రశ్న: పాత .303 రైఫిల్‌ని పుల్‌త్రూతో (ఒక చివర బరువున్న తాడు) శుభ్రం చేసేటప్పుడు ఉస్తాద్ "సీదా ఖీంచో" (తిన్నగా లాగు) అంటుంటారు. అంత పట్టింపు ఎందుకు? ఒకప్పుడు బ్యారెల్‌లో మరిగే నీళ్లు పోసేవారంటే నిజమేనా?
— ఎన్‌సీసీ క్యాడెట్, కర్నూలు

జవాబు: తాడు ఏటవాలుగా లాగితే మూతి అంచుకు ఒకేచోట రాసుకుంటుంది. దుమ్ము పట్టిన తాడైతే ఆకురాయిలా పనిచేస్తుంది. ఏళ్లు గడిచేసరికి అక్కడ గాడి పడుతుంది. మీ ఉస్తాద్ మాట అక్షరాలా పాటించండి. తాడు కూడా దుమ్ము లేకుండా ఉండాలి.

పుల్‌త్రూ బరువును చాంబర్ వైపు నుంచి వదలండి. చిందీ (గుడ్డముక్క) తాడుకున్న రెండో ఉచ్చులో పెట్టాలి. శుభ్రానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, నూనెకు 4 × 1½. మధ్యలో ఆపకుండా ఒకే లాగుడులో తీయాలి. ఇరుక్కుంటే బలం ఉపయోగించొద్దు, కాల్చి బయటికి పంపుదామనీ అనుకోవద్దు, గొట్టం ఉబ్బి పగలొచ్చు. ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కి అప్పగించండి.

నీళ్ల సంగతి నిజమే. ఆనాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. కాలాక అది పొటాషియం క్లోరైడ్‌గా, అంటే ఒక ఉప్పుగా మిగిలి, గాలిలో తేమ లాగి రాత్రికి రాత్రే తుప్పు పట్టించేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే గరాటుతో దాదాపు మూడు లీటర్ల మరిగే నీళ్లు పోసేవారు. వేడెక్కిన గొట్టం త్వరగా ఆరుతుంది కూడా. ఆరాకే నూనె. ఆ నూనెను కాల్చే ముందు మళ్లీ పొడి చిందీతో తుడిచేయాలి, లేకపోతే మొదటి తూటా గురి తప్పుతుంది.