కువైట్‌లో అయ్యగారి గొంతు బొంగురు పోయింది.. ఇక్కడి నుంచి సిరప్ పంపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వారి వయసు 34. పోయినేడు ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) అయింది. మూడు నెలల కిందట కువైట్‌లో ఒక తెలుగు సంఘానికి పాస్టరుగా వెళ్లారు. నేనూ పాపా వీసా కోసం ఎదురుచూస్తున్నాం. వెళ్లిన అయిదో వారం నుంచి ఆయన గొంతు బొంగురుగా ఉంది. ఏడు వారాలైనా తగ్గలేదు. శుక్రవారం నాలుగు ఆరాధనలు, ఆ రోజంతా ఉపవాసం. రాత్రి భోజనం చేసేసరికి పదకొండవుతుంది. ఛాతీలో మంట కూడా ఉందంటున్నారు. జ్వరం లేదు, సిగరెట్టు అలవాటు లేదు. ఇక్కడి మందుల షాపులో అడిగి అజిత్రోమైసిన్ రెండు కోర్సులు పంపాను, గుణం కనిపించలేదు. వచ్చే వారం మా ఊరివాళ్లు అటు వెళ్తున్నారు. వాళ్లతో దగ్గు సిరప్, కరక్కాయ, అతిమధురం పంపమంటారా?
– ఒక సోదరి, పాలకొల్లు మండలం

సలహా: అమ్మా, ముందు సిరప్ సంగతి. పంపకండి. మన దగ్గర దొరికే దగ్గు మందుల్లో కొన్నింటిలో కొడీన్ అనే మత్తు మందు ఉంటుంది. కొడీన్, ట్రమడాల్, ప్రీగాబలిన్, ఆల్ప్రజోలమ్ లాంటివి గల్ఫ్ దేశాల్లో కట్టడి ఉన్న మందులు. సరైన కాగితాలు లేకుండా విమానాశ్రయంలో దొరికితే కేసు పడేది సీసా మోసుకెళ్లిన మీ ఊరివాళ్ల మీద. పైగా కొడీన్ దగ్గును అణుస్తుందే గానీ బొంగురును తగ్గించదు.

అజిత్రోమైసిన్ పని చేయకపోవడంలో వింత లేదు. అది బ్యాక్టీరియాకు మందు. జ్వరం లేకుండా, వారాల తరబడి ఉండిపోయిన బొంగురుకు కారణం చాలాసార్లు బ్యాక్టీరియా కాదు, స్వరతంత్రుల మీద పడుతున్న భారం. మగవాళ్లు మామూలుగా మాట్లాడుతుంటే ఆ రెండు తంత్రులు సెకనుకు వంద సార్లకు పైగా ఒకదానికొకటి తగులుతాయి. గొంతు పెంచితే వేగమూ పెరుగుతుంది, తాకిడీ పెరుగుతుంది. నాలుగు ఆరాధనల్లో ఇది లక్షల సార్లు. రాపిడి పడిన చోట ముందు వాపు వస్తుంది. విశ్రాంతి ఇవ్వకపోతే అదే గట్టిపడి చిన్న బుడిపెలవుతుంది.

ఏడు వారాలంటే ఊహలతో వైద్యం చేసే గడువు దాటిపోయింది. నాలుగు వారాల్లో తగ్గని బొంగురు ఎవరికైనా సరే, ఈఎన్‌టీ డాక్టరు స్వరపేటికను చూడాల్సిందే. ముక్కులో మత్తు స్ప్రే కొట్టి సన్నటి గొట్టం లాంటి కెమెరాతో చూస్తారు, నాలుగైదు నిమిషాల పని. రెండు వైపులా సమంగా బుడిపెలుంటే ఎక్కువ మందికి స్పీచ్ థెరపీతో, పద్ధతి మార్పుతో కొన్ని వారాల్లో కరుగుతాయి. ఒక వైపే నీటి తిత్తిలాంటి పాలిప్ ఉంటే ఆపరేషన్ అవసరం కావచ్చు. తంత్రి కదలికలో లోపమో, మరేదైనా గడ్డో అయితే దారి వేరు. బయటినుంచి వినడానికి ఇవన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే చూడకుండా స్టెరాయిడ్ మాత్రలు మింగొద్దు. సివిల్ ఐడీ (అక్కడి నివాస గుర్తింపు కార్డు) చేతికొచ్చి ఉంటే ఆయన నివాస ప్రాంతపు ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్లి ఈఎన్‌టీకి రాయించుకోవచ్చు. రెసిడెన్సీ కోసం ఛాతీ ఎక్స్‌రే తీసే ఉంటారు. అయినా రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తగ్గని దగ్గు మొదలైతే టీబీ పరీక్ష మళ్లీ చేయించాలి.

ఇక అక్కడికి వెళ్లాకే ఎందుకొచ్చింది? డెల్టాలో గాలిలోనే తేమ. అక్కడ బయట పొడి గాలి, దుమ్ము, లోపల రాత్రీ పగలూ ఏసీ. ఊళ్లో మందిరానికి పెద్ద స్పీకరు పెట్టెలు, హారన్లు ఉంటాయి. అక్కడ ఒకే ఆవరణలో పలు భాషల సంఘాలు హాళ్లను వంతులవారీగా పంచుకుంటాయి, కాబట్టి సౌండు తగ్గించాలి, సమయానికి ముగించాలి. మన కూటముల్లో అలవాటైన ఎత్తు స్వరం మాత్రం తగ్గదు. దానికి తోడు ప్రార్థన సాగినంతసేపూ వెనకాల కీబోర్డు మోగుతుంటే, మనిషికి తెలియకుండానే దాన్ని మించి గొంతు లేస్తుంది. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి మీ నరసాపురం వైపు వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలకు మైకు లేదు. అయ్యగారికి ఉంది, వాడుకోమనండి. నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకోవాలి. ఒక చిన్న స్పీకరు ఆయన వైపు తిప్పాలి. తన మాట తనకు వినబడితే అరవాల్సిన పని ఉండదు. ప్రార్థనలో కీబోర్డు సగానికి తగ్గించాలి. ఫ్లాటుల్లో గృహ ప్రార్థనలకు భుజానికి తగిలించుకునే చిన్న మైకు సెట్టు చాలు.

శుక్రవారాన్ని మార్చకుండా ఏ మందు ఇచ్చినా దండగే. ఆరు వారాల పాటు నాలుగు ఆరాధనల్లో రెండింటిలోనే ఆయన వాక్యం చెప్పాలి. పాటలు, పఠనాలు, ప్రకటనలు సంఘ పెద్దలకు అప్పగించాలి. ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది. ఆరాధన అయ్యాక తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయమని వరుస కడతారు. అరవై మంది, మనిషికి నిమిషం అనుకుంటే మరో గంట ప్రసంగమే. అందరికీ కలిపి ఒక్క ప్రార్థన చేసి, వరుసలో వాళ్లకు మౌనంగా చెయ్యి పెడితే సరిపోతుంది. గుసగుసగా చెబితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, అది పొరపాటు. చాలామందికి గుసగుసలో తంత్రులు ఇంకా బిగుసుకుంటాయి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ అంతే, అలా అనిపించినప్పుడు ఒక గుక్క నీళ్లు మింగాలి.

ఉపవాసం మానమని చెప్పను. నీళ్లు తాగే ఉపవాసం చేయమనండి. తాగిన నీళ్లు నేరుగా తంత్రుల మీద పడవు, రక్తంలో కలిసి చేరాలి, అందుకు గంటలు పడుతుంది. కాబట్టి గురువారం మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టి, మూత్రం లేత రంగులో వచ్చేంత తాగాలి, రోజుకు రెండున్నర మూడు లీటర్లు. ఆరాధనకు ముందు ఒక కసరత్తు: అరగ్లాసు నీళ్లలో స్ట్రా అంగుళం లోతు ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అని అయిదు నిమిషాలు ఊదాలి. రోజుకు మూడుసార్లు చేస్తే ఇంకా మంచిది. ఆవిరి పడితే ఉత్త నీళ్ల ఆవిరే, పది నిమిషాలు. బామ్ కలిపితే ఆరిపోయిన గొంతు ఇంకా మండుతుంది.

ఛాతీ మంట సంగతి. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపు, రాత్రి పదకొండింటికి బిర్యానీ, వెంటనే పడక. ఆమ్లం గొంతు దాకా ఎగదన్నడానికి ఇంతకంటే ఏం కావాలి? ఉపవాసం సాయంత్రం ఏడింటికల్లా తేలికపాటి భోజనంతో విడవాలి, తిన్న మూడు గంటలకు పడుకోవాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల దిమ్మలు పెట్టాలి. దిండు మీద దిండు వేస్తే నడుము దగ్గర మడతపడి కడుపు మీద ఒత్తిడి ఎక్కువవుతుంది. పాంటోప్రజోల్ లాంటి మాత్ర అవసరమా అన్నది గొంతు చూసిన డాక్టరే చెప్పాలి. రాస్తే పొద్దున్నే టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సరిగా పని చేయదు.

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే నష్టం లేదు, కానీ అది బుడిపెల్ని కరిగించదు, వగరుకు నోరు ఇంకా ఆరుతుంది. అతిమధురం రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, అది వద్దు. మిరియాల కషాయం మంట ఉన్నవాళ్లకు పనికిరాదు. ఆవకాయ జాడీ ఈసారికి ఆపండి. ఆత్రేయపురం పూతరేకులు పంపండి, ఆయనకు షుగరు జబ్బు లేకపోతే వాటితో గొంతుకు పేచీ లేదు.

మీరు రాయలేదు గానీ, రాత్రి ఫోన్ల గురించి అడగండి. ఇళ్లలో పని చేసే మన ఆడవాళ్లకు పని తెమిలేది రాత్రి పదకొండు దాటాకే. పాస్టరు గారికి ఫోన్ చేసి ఏడ్చేదీ అప్పుడే. కొత్తగా వెళ్లిన సేవకుడు ఏ ఒక్క ఫోనూ వదలడు. గొంతుకు రాత్రి విశ్రాంతి పోతుంది, నిద్రా పోతుంది. పదిన్నర తర్వాత ఫోన్ ఇద్దరు పెద్దల దగ్గర వంతులవారీగా ఉండాలి. ఆడవాళ్ల కాల్స్‌కు సంఘంలో ఒక పెద్దమ్మ గారైతే మరీ మంచిది. శనివారం వీలైనంత మౌనం. మీరు కూడా ఆ రోజు కాల్ చేయకుండా మెసేజ్ పెట్టండి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే అది గొంతు సమస్య కాదు, డాక్టరుకు విడిగా చెప్పాలి.

ఊపిరి తీసేటప్పుడు కూత, మింగడం కష్టం, కళ్లెలో రక్తం, మెడలో గడ్డ – వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఊపిరి ఆడకపోతే ఎమర్జెన్సీకి. ప్రసంగం మధ్యలో గొంతు ఒక్కసారిగా తెగిపోయినట్టు పోతే తంత్రిలో రక్తం చిమ్మి ఉండొచ్చు. అక్కడికక్కడే మాట ఆపేయాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ తనంతట తాను వేసుకోకూడదు, నొప్పి ఉంటే పారాసిటమాల్. ఆ వారమే కెమెరా పరీక్ష.