బరంపురంలో కౌన్సెలింగ్ గది, పక్కనే క్లాసు గది

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి ఇలా అడిగింది: "బరంపురంలో బి.ఏ. సైకాలజీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. యూనివర్సిటీలో కౌన్సెలర్‌గా ఉంటూ పాఠాలు కూడా చెప్పాలని ఉంది. దానికి ఏం చదవాలి? ఆ జీతంతో బతకగలమా? మన తెలుగు అక్కడ దేనికైనా పనికొస్తుందా?"

నువ్వు అనేస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు. ఇరవై ఏళ్లుగా నా ఎదురుగా బెంచీల మీద కూర్చునేది నీ వయసు పిల్లలే.

ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటాను. మొదటి రెండింటికీ జవాబు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. తెలుగు పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. ఒక్కోసారి కొంప ముంచేది కూడా అదే.

మాది బరంపురమే. నాన్న పట్టుచీరల కొట్లో గుమాస్తా. ఎమ్మే కోసం విశాఖ వెళ్లాను, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ (మామూలు ఇంద్రియాలకి అందని అనుభవాల అధ్యయనం) శాఖ. ఆ రెండో మాట విని మా మేనత్త "దెయ్యాల చదువేటే అమ్మీ?" అని బెంబేలెత్తిపోయింది. చేరేటప్పుడే ఇంకో సంగతి తెలిసింది. మాటలొచ్చినప్పట్నుంచి తెలుగే మాట్లాడుతున్నా, చదువంతా ఒడిశాలో కాబట్టి ఆంధ్రాలో నేను నాన్‌లోకల్. నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లవి. మిగిలిన 15లోనే మన పోటీ. ఇక్కడ తెలుగోళ్లం, అక్కడ ఒడియా వాళ్లం. విశాఖ వెళ్దామనుకుంటే ఈ లెక్క ముందే చూసుకో.

తిరిగొచ్చి ఒక ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. నెలకి ఐదు వేలు చేతికొస్తే గొప్ప, వేసవి సెలవుల్లో అదీ లేదు. ఆ తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు దొరికింది. పొద్దున్న పాఠాలు, మధ్యాహ్నం నుంచి కౌన్సెలింగ్.

గుమ్మం మీద "కౌన్సెలింగ్ సెంటర్" అని బోర్డు పెట్టారు. ఓ రోజు ఇచ్ఛాపురం నుంచి ఒకాయన కొడుకు ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చాడు. "మేడం, వెబ్ ఆప్షన్లు పెట్టీది ఇక్కడేనా?" అని. మనవాళ్లకి కౌన్సెలింగంటే ఇంజినీరింగ్ సీట్లు పంచే చోటు, లేదంటే రౌడీషీటర్లని స్టేషనుకి పిలిచి పెట్టే చీవాట్లు. మూడు భాషల్లో "మాట్లాడుకునే గది" అని బోర్డు మార్పించాను. పైవాళ్లకి అది ఆఫీసు పేరులా అనిపించలేదు. రెండు నెలలు ఫైలు తిరిగింది.

ఇక తెలుగు సంగతి. మొదటి ఏడాదే ఒక పెద్ద తప్పు చేశాను. ఒక కుర్రాడు వచ్చి ఒడియాలో మొదలుపెట్టాడు, నిద్ర పట్టట్లేదని. యాస విని, పేరు చూసి, తెలుగువాడని పోల్చుకుని నేను సంబరంగా తెలుగులోకి దిగిపోయాను. "మీదే ఊరు బాబూ? ఎవరి తాలూకు?" అన్నాను. మన వైపు పెళ్లిలో కనపడ్డ ప్రతివాణ్ణీ అడిగే మాటే కదా. ఊరు చెప్పాడు. ఆ వీధిలో మావాళ్లున్నారని కూడా అనేశాను. ఆ కుర్రాడి మొహంలో తలుపు మూసుకున్నట్టయింది. ఐదు నిమిషాల్లో "ఇప్పుడు బాగానే ఉంది మేడం" అని లేచి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. తర్వాత వాడి స్నేహితుడి ద్వారా తెలిసింది. వాళ్ల పిన్నిని నేనెరుగుదునని వాడి భయం. ఒడియా మేడం అయితే చెప్పుకునేవాణ్ణి అన్నాడట.

అప్పటినుంచి "ఎవరి తాలూకు" అని ఆ గదిలో అడగను. మొదట అడిగేది ఒకటే, ఏ భాషలో మాట్లాడుకుందాం అని. మధ్యలో మారినా నేను వెంట వస్తానని చెబుతాను. ఒకమ్మాయి మూడు వారాలు ఒడియాలోనే చెప్పింది, "మన భల లాగుని", మనసు బాగోలేదని. పరీక్షల గురించి, హాస్టలు తిండి గురించి అంతా ఒడియాలోనే. నాలుగోసారి వచ్చినప్పుడు కాసేపు కిటికీ వైపు చూసి, "మా నాన్న తాగొచ్చీస్తాడు మేడం" అని తెలుగులో అంది. ఇల్లు తెలుగులో ఉంది. ఇంటి సంగతి వేరే భాషలో చెబితే అది ఎవరి కథో అన్నట్టుంటుంది, ఆ దూరం కూడా ఒక్కోసారి వాళ్లకి కావాలి. కాబట్టి మనం లాగకూడదు.

ఇంకో చిక్కుంది, అది పాఠం చెబుతుంటేనే పట్టుబడింది. ఎమ్మే పిల్లలకి స్ట్రూప్ ప్రయోగం చేయిస్తాం కదా, "ఎరుపు" అన్న మాటని పచ్చ సిరాతో రాసి సిరా రంగు చెప్పమనడం. చదివిన మాట అడ్డొచ్చి నోరు తడబడుతుంది. 1935 నాటి ప్రయోగం, ఇప్పటికీ పాతబడలేదు. కార్డులు ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో చేయించాను. తెలుగు ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు ఒడియా కార్డు దగ్గర తడబడ్డారు, ఇంగ్లీషు కార్డు దగ్గర తడబడ్డారు. తెలుగు కార్డు దగ్గర గడగడా చెప్పేశారు. మా అటెండరు మెచ్చుకున్నాడు, మాతృభాష కదా అని. అసలు సంగతి వేరు. వాళ్లకి తెలుగు అక్షరాలు రావు. చదవడమే రానప్పుడు ఆ మాట అడ్డెలా పడుతుంది? అమ్మ మాట్లాడే భాష వాళ్ల కంటికి బొమ్మలు. ఆ రోజు నవ్వుకున్నాం గానీ, సాయంత్రం గదిలో కూర్చుంటే నవ్వు రాలేదు. దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 తెలుగు కాగితం ఎంతమందికి ఇచ్చి ఉంటాను! తొమ్మిది ప్రశ్నలకీ వరుసగా ఒకే గడిలో టిక్కు పెట్టి ఇచ్చినవాళ్లున్నారు. అప్పట్నుంచి నేనే చదివి వినిపిస్తాను. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండునని అనిపిస్తోందా అన్నది, మొహం చూసి అడగాల్సిన ప్రశ్న కూడా. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తవాళ్లు భయపడతారు. అలా జరగదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కనిపిస్తుంది.

మీ గజపతి జిల్లా సవర గిరిజన పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. వాళ్లకి తెలుగూ ఇంటి భాష కాదు, ఒడియా కూడా కాదు. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. నాకు ఇప్పటికీ పది మాటలు కూడా రావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక మీ కొండల్లో మట్టిపెళ్లలు విరిగిపడి ఎంతమంది పోయారో నీకు తెలుసు. సెలవుల తర్వాత హాస్టలుకి తిరిగొచ్చిన ఒక సవర కుర్రాడు నెల రోజులు కడుపునొప్పనే అన్నాడు. డాక్టరు చూశాడు, ఏమీ లేదన్నాడు. నా గదికొచ్చి వాన పడుతుంటే కూర్చునేవాడు, వాన ఆగితే లేచేవాడు. నేనేమీ చేయలేదు. టీ తెప్పించేదాన్ని. సీనియర్ సవర కుర్రాడొకణ్ణి, వాడు సరేనన్నాకే, పక్కన కూర్చోబెట్టాను. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కడుపునొప్పి తగ్గింది.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న ఒకటి. రెండు పనులూ ఒకే మనిషి చేయొచ్చా? చేయొచ్చు గానీ ఒకే పిల్లకి చేయకూడదు. నా దగ్గర కౌన్సెలింగుకి వస్తున్న ఒకమ్మాయికి ఇంటర్నల్‌లో నేనే మార్కులు వేయాల్సొచ్చింది. తక్కువ వచ్చాయి, పేపరు అలాగే రాసింది. తను చెప్పిన సంగతులు విని చులకన చేసి మార్కులు కోశానని ఆ అమ్మాయి అనుకుంది. ఎంత చెప్పినా నమ్మలేదు. నేను ఆ స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. అప్పుడు సోషల్ వర్క్ శాఖలో ఒక సహోద్యోగితో ఒప్పందం చేసుకున్నాను. నా క్లాసు పిల్లలు అతని దగ్గరికి, అతని పిల్లలు నా దగ్గరికి. నువ్వు ఉద్యోగంలో చేరే రోజే ఈ మాట కాగితం మీద పెట్టించు. తర్వాత అడిగితే పని తప్పించుకోవడానికి అనుకుంటారు.

గుట్టు సంగతి కూడా మొదటి రోజే చెప్పేయాలి. ప్రాణం మీదికొచ్చినా, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నా నేను దాచలేను. పద్దెనిమిది నిండని పిల్లలపై లైంగిక హింస అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలియజేసి తీరాలి. మొదటి ఏడాదిలో పదిహేడేళ్ల వాళ్లూ ఉంటారు, మర్చిపోకు. మిగతాదంతా బీరువాలో, తాళం నా దగ్గర. బజార్లో కనపడితే నువ్వు పలకరిస్తే పలకరిస్తాను, లేకపోతే నిన్ను నేనెరగను, అని కూడా చెబుతాను. బరంపురం ఎంత చిన్న ఊరో నీకు తెలుసు కదా. ఒక పెళ్లిలో నా విస్తట్లో లడ్డూ వేస్తూ ఒకావిడ, "మా అమ్మాయి మీ కాలేజీయేనండి, ఎప్పుడైనా చూశారా?" అంది. ముందురోజు సాయంత్రం గంటసేపు ఆ అమ్మాయి నా ఎదురుగా ఏడ్చి వెళ్లింది. "పిల్లలు చాలామంది కదండీ" అన్నాను. ఇంకో లడ్డూ వేసింది.

చదువు సంగతి గబగబా చెప్పేస్తాను. సైకాలజీలో ఎమ్మేనో ఎమ్మెస్సీనో 55 శాతంతో ప్యాసవ్వు. పాఠం చెప్పాలంటే నెట్, అంటే అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష, రాయి, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం మూడు గంటలు. మనవాళ్లు సబ్జెక్టులో కాదు, మొదటి పేపర్లో బోల్తా పడతారు. అందులోనే పైవాళ్లకిచ్చే పరిశోధన ఫెలోషిప్పు, జేఆర్‌ఎఫ్, వస్తే మొదట్లో నెలకి 37,000, పీహెచ్‌డీలో ఐదేళ్ల వరకు ఇంట్లో చేయి చాచక్కర్లేదు. "క్లినికల్ సైకాలజిస్ట్" అన్న పేరు మాత్రం ఎమ్మేతో రాదు. దానికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) ఆమోదించిన కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. విశ్వవిద్యాలయాల్ని నియంత్రించే యూజీసీ 2022లో ఎం.ఫిల్. ఎత్తేసినా, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.లకి మాత్రం 2025–26 వరకు గడువిచ్చింది. కాబట్టి నువ్వు చేరే ఏడాదికి ఆమోదం ఉన్న కోర్సుల జాబితా చూశాకే ఫీజు కట్టు. ఆరు వారాల ఆన్‌లైన్ సర్టిఫికెట్లు గోడకి బాగుంటాయి.

జీతమా? రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి బేసిక్కే 57,700. కాంట్రాక్టు కౌన్సెలర్‌గా నాకు ఏ రోజూ అందులో సగం రాలేదు. అందుకే నేను మా పిల్లలకి చెప్పేది, పాఠం వైపు నుంచి లోపలికి రండి, కౌన్సెలింగ్ కూడా చేయండి అని. ఇప్పుడు కొంత గాలి మారింది. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. పోస్టులు పుడతాయి. జీతం కూడా పుడుతుందా అన్నది నియామకపు కాగితం చదివి చూసుకో. నీ గది మూసి ఉన్న వేళల కోసం టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం) నంబరు 14416 తలుపు మీద రాయించు. అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది.

ఒక్క పని మాత్రం ఈ వారమే చెయ్యి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా వచ్చినట్టు రుజువు అడుగుతారు. ఏడో తరగతిలో ఒడియా చదివిన కాగితం వెతికి పెట్టుకో. మా బడి రికార్డులు 2013 ఫైలిన్ తుపానుకి తడిసి ముద్దయ్యాయి. నేను నాలుగు నెలలు తిరిగితే గానీ నకలు దొరకలేదు. అప్పటికి ఆ పోస్టుకి గడువు దాటి పదకొండు రోజులైంది.