హెబ్రీ ఆరో అధ్యాయం మీద ప్రసంగించబోయే మేనల్లుడికి

చిన్నోడా,

సెలవులకొచ్చి మన ఊరి సంఘంలో వాక్యం చెప్తున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో ఏడ్చాను. అంశం "నడత సరిగ్గా లేకపోతే రక్షణ పోతుందా" అనగానే టెన్షన్ మొదలైంది.

ప్రార్థన చేసుకుని వెళ్ళు. మైకు నోటికి ఆనించకు. ఇవన్నీ నీకు తెలుసు.

మీ తాతయ్య సంగతి మాత్రం నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. బాప్తిస్మం తీసుకున్నాక నాన్న సారా మానేశాడు. పంట పోయి అప్పులైన ఏడాది మళ్ళీ పట్టాడు. ఓ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, రొట్టె పళ్ళెం నాన్న ముందుకు రాగానే అప్పటి పాస్టరుగారు పక్కకు లాగేసి, "నీ రక్షణ పోయింది, నీకిందులో పాలు లేదు" అన్నారు. అందరి ముందూ! నాన్న చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న అమ్మ తలెత్తలేదు. ఆ మాటతో తాగుడు తగ్గలేదు సరికదా, పగలు కూడా మొదలైంది. అమ్మ బతిమాలితే, "పోయిందన్నారుగా, ఇంక దేనికోసం మానాలి?" అనేవాడు.

మందలించొద్దని కాదురా. కొరింథులో పాపం చేసినవాణ్ణి వెలివేయమని పౌలే రాశాడు. ఎందుకు? వాడి ఆత్మ రక్షింపబడాలని. దుఃఖంలో మునిగిపోకుండా ఒకణ్ణి క్షమించి ఆదరించమని రెండో పత్రికలో రాసిందీ ఆయనే. మా ఇంటికి ఆ మాట మోసుకొచ్చింది ఇంటింటికీ వెళ్ళి వాక్యం చదివి వినిపించే ఓ ముసలి బైబిల్ ఉమెన్. ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురుకే యేసు మళ్ళీ తన గొర్రెల్ని అప్పగించాడని నాన్నకు చదివి వినిపించింది. నాన్న పడుతూ లేస్తూనే మానాడు.

ఈ వాదన నువ్వొక్కడివీ తేల్చేది కాదు. 1618–19లో నెదర్లాండ్స్‌లో కూడిన డార్ట్ సంఘ సభ దేవుడు తనవాళ్ళను చివరిదాకా నిలబెడతాడంది. దావీదులా, పేతురులా ఘోరంగా పడిపోవచ్చనీ ఒప్పుకుంది. మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ రక్షణ పోగొట్టుకోవచ్చన్నాడు, కానీ పడినవాళ్ళు తిరిగి లేస్తారనీ బోధించాడు. పడినవాడికి దారి మూసేయడం ఇద్దరికీ ఇష్టం లేదు, చూశావా?

నా మట్టుకు నేను యోహాను 10:28నే పట్టుకున్నాను. తన గొర్రెల్ని యేసు చేతిలోనుంచి ఎవరూ లాక్కోలేరు. అలాగని, ఇంట్లో భార్యను కొట్టి, ఆదివారం ముందు వరసలో పాటలు పాడేవాడికి ఆ వచనం జోలపాట కాకూడదు. వాడికి హెబ్రీ ఆరు గట్టిగానే చదువు. కానీ తప్పిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే 6వ వచనం దగ్గర ఆపెయ్యకు నాన్నా, 9 దాకా వెళ్ళు. అంత గద్దించినవాడే అక్కడ "ప్రియులారా" అని పిలిచి, మీరు రక్షణకరమైన స్థితిలోనే ఉన్నారని రూఢిగా నమ్ముతున్నామంటాడు. ఆ మాట చదివేటప్పుడు గొంతు తగ్గించు, వెనక వరస వైపు చూడు.

ఎవరి రక్షణ పోయిందో పుల్పిట్ మీద నుంచి చెప్పే పని నీది కాదు. ఆరాధన అయ్యాక పెద్దలతో భోజనానికి పరుగెత్తకు, తలుపు దగ్గర నిలబడు. మాట్లాడాలనుకునేవాళ్ళు జనం పలచబడ్డాకే వస్తారు. పొద్దున్నే టిఫిన్ మానకు, ఖాళీ కడుపుతో నీకు కళ్ళు తిరుగుతాయి. అయ్యాక ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా సరే.

మీ అత్త